పీజీ వైఫై రాత్రి 9కి ఎందుకు పడుకుంటుంది? 52 మంది, ఒకే 200 ఎంబీపీఎస్ లైన్: మేము ఎలా సెట్ చేశామంటే

రాత్రి భోజనం అయ్యాక రూమ్‌కి వచ్చి ఫోన్ తీస్తే వైఫై గీతలు ఫుల్‌గా కనిపిస్తాయి, కానీ ఒక్క పేజీ కూడా ఓపెన్ కాదు. పీజీలో ఉన్న ఎవరికైనా ఇది రోజూ ఉండేదే. చాలామంది తిట్టుకుని మొబైల్ డేటా ఆన్ చేసుకుంటారు. నేనూ రెండేళ్లు అదే చేశాను. మా రూమ్‌లో జరిగిన ఒక సంఘటన తర్వాత మాత్రం దీని సంగతేంటో చూడాల్సిందే అనిపించింది. ఆ మూడు వారాల్లో నేర్చుకున్నది, చేసిన తప్పులతో సహా, ఇక్కడ చెబుతున్నా.

మాది కొండాపూర్‌లో ఒక మెన్స్ పీజీ. కింద వంటగది, డైనింగ్, బండ్ల పార్కింగ్. పైన నాలుగు ఫ్లోర్లు, ఫ్లోర్‌కి ఐదు రూములు. టూ షేరింగ్, త్రీ షేరింగ్ కలిపి 52 మంది. ఫస్ట్ ఫ్లోర్ ఆఫీస్ రూమ్‌లో కంపెనీ ఇచ్చిన రూటర్ ఒకటి, సెకండ్ ఫ్లోర్‌లో ఒక రిపీటర్, ఫోర్త్ ఫ్లోర్‌లో ఇంకో రిపీటర్. ఇదీ మా నెట్‌వర్క్.

మా రూమ్‌లో అనకాపల్లి నుంచి వచ్చిన తమ్ముడు ఒకడున్నాడు. బీటెక్ అయ్యి ఏడాది, ఉద్యోగ వేటలో ఉన్నాడు. ఒక కంపెనీలో మొదటి రెండు రౌండ్లు దాటాడు. మూడో రౌండ్ వీడియో కాల్, రాత్రి 8 గంటలకు. ఎస్‌క్యూఎల్ ప్రశ్నకు జవాబు చెబుతుండగా స్క్రీన్ ఫ్రీజ్ అయింది. నా ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి మళ్లీ జాయిన్ చేయించేసరికి పదకొండు నిమిషాలు గడిచిపోయాయి. అవతల ఎవరూ లేరు. మళ్లీ టైమ్ ఇస్తామని మెయిల్ వచ్చింది, టైమ్ మాత్రం రాలేదు. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు ఓనర్ అంకుల్ దగ్గరికి వెళ్లాం. ఆయన తప్పేమీ లేదు పాపం. "200 ప్లాన్ వేయించా కదయ్యా. చాలకపోతే 500 ప్లాన్‌కి మారుద్దాం, ఇంకేం చేయమంటారు?" అన్నారు. "రెండు రోజులు ఆగండి అంకుల్, ముందు ప్రాబ్లమ్ ఎక్కడుందో చూస్తా" అన్నాను.

ముందు కొలవండి, తర్వాతే కొనండి

రాత్రి 9 నుంచి 10 మధ్య, అంటే అందరూ నెట్ మీద ఉన్నప్పుడు, నాలుగు టెస్టులు చేశాను. వీటికి లాప్‌టాప్, ఒక నెట్‌వర్క్ కేబుల్ ఉంటే చాలు. మీరూ చేయొచ్చు.

1. లాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా రూటర్‌కి పెట్టి స్పీడ్ టెస్ట్: 188 ఎంబీపీఎస్ వచ్చింది.
2. రూటర్ పక్కనే నిలబడి, 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద: 120.
3. థర్డ్ ఫ్లోర్‌లో మా రూమ్ నుంచి: 2.8.
4. మా రూమ్ నుంచి రూటర్‌కే పింగ్. అంటే బయట ఇంటర్నెట్‌కి కాదు, 192.168.1.1 అడ్రస్‌కి. ఇది 5, 10 మిల్లీసెకన్లలో తిరిగి రావాలి. మాకు ఒక్కోసారి 900 దాటింది. వంద ప్యాకెట్లలో 14 అసలు తిరిగి రాలేదు.

వీటిలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే నాలుగోది చేయండి. బిల్డింగ్ లోపలున్న రూటర్‌కే పింగ్ సరిగ్గా వెళ్లట్లేదంటే ప్రాబ్లమ్ కంపెనీ లైన్‌లో లేదు, మన గోడల మధ్యే ఉంది. అలాంటప్పుడు 500 ప్లాన్ వేసినా, 1000 ప్లాన్ వేసినా మా రూమ్‌లో వచ్చేది ఆ 2.8 మాత్రమే.

అసలు కారణం: ట్యాంకు పెద్దదే, బాత్రూమ్ ఒక్కటే

పీజీ వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్తా. మేడ మీద ట్యాంకు నిండా నీళ్లున్నాయి. కానీ 52 మందికి ఒకటే బాత్రూమ్. పొద్దున్నే బకెట్లు పెట్టుకుని క్యూ. ఇప్పుడు ఇంకో పెద్ద ట్యాంకు కడితే క్యూ తగ్గుతుందా? తగ్గదు. ప్లాన్ స్పీడ్ అనేది ట్యాంకు. వైఫై ఛానెల్ అనేది బాత్రూమ్.

ఒక ఛానెల్ మీద ఒక్క క్షణంలో ఒక్క డివైస్ మాత్రమే మాట్లాడగలదు. మిగతావన్నీ ఆగాలి. ఈ మాట్లాడే టైమ్‌నే ఎయిర్‌టైమ్ అంటారు. క్యూలో ఐదు నిమిషాల్లో బయటకొచ్చేవాడు ఉంటాడు, అరగంట తీసుకునేవాడూ ఉంటాడు. వైఫైలో ఆ అరగంట మనిషి ఎవరంటే, దూరంగా, వీక్ సిగ్నల్‌లో ఉన్న ఫోన్.

లెక్క చూడండి. 1 ఎంబీ డేటా అంటే 8 మెగాబిట్లు. రూటర్ పక్కనున్న ఫోన్ 300 ఎంబీపీఎస్ లింక్ మీద ఉంటే దానికి పట్టే టైమ్ సుమారు 0.027 సెకను. మూల రూమ్‌లో 6 ఎంబీపీఎస్ లింక్ మీద వేలాడుతున్న ఫోన్‌కి అదే 1 ఎంబీకి 1.33 సెకన్లు. అంటే 50 రెట్లు. మూల రూమ్ వాడు ఒక రీల్ చూస్తే, రూటర్ పక్కనున్నవాడి గేమ్ కూడా ల్యాగ్ అవుతుంది. తప్పు వాడిది కాదు, వాడికి దగ్గర్లో వైఫై పెట్టకపోవడానిది.

దీని మీద మేము చేసిన ఇంకో పొరపాటు రిపీటర్లు. రిపీటర్ కొత్తగా నెట్ తీసుకురాదు. విన్నది మళ్లీ చెప్తుంది, అదీ మామూలుగా అదే ఛానెల్ మీద. మా ఫోర్త్ ఫ్లోర్ రిపీటర్, సెకండ్ ఫ్లోర్ రిపీటర్ నుంచి సిగ్నల్ తీసుకునేది. అంటే ఫోర్త్ ఫ్లోర్ వాళ్ల ప్రతి మాటా గాలిలో మూడుసార్లు వెళ్తోందన్నమాట. గీతలు ఫుల్‌గా కనిపించింది అందుకే. ఆ గీతలు ఫోన్ నుంచి రిపీటర్ దాకా ఉన్న సిగ్నల్‌వి. రిపీటర్ నుంచి రూటర్ దాకా ఎలా ఉందో ఫోన్‌కి తెలియదు.

వైఫై ఎనలైజర్ యాప్ తెరిస్తే మా రూమ్‌లో 30కి పైగా నెట్‌వర్క్‌లు కనిపించాయి. మాకు రెండు పక్కలా పీజీలే, ఎదురుగా కూడా పీజీయే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవకుండా వాడుకోగలిగే ఛానెళ్లు మూడే: 1, 6, 11. మా రూటర్ 6 మీద ఉంది. సగం వీధి కూడా 6 మీదే ఉంది.

చివరిది, "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" అని ఫోన్ అక్కడే ఆగిపోవడం. మా రూటర్ సెట్టింగ్స్‌లో వంద అడ్రస్‌లు మాత్రమే ఇచ్చేలా ఉంది. ఒకసారి ఇస్తే 24 గంటలు వెనక్కి తీసుకోదు. ఒక్కొక్కరికి ఫోన్, లాప్‌టాప్, కొందరికి ట్యాబ్, పైగా ఫ్రెండ్‌ని చూడడానికి వచ్చి గంట కూర్చుని వెళ్లినవాడి ఫోన్. వంద ఎప్పుడో అయిపోయేవి. లేటుగా వచ్చినవాడికి అడ్రస్ లేదు, నెట్ లేదు.

మేము ఏం మార్చాం

కేబుల్: ప్రతి ఫ్లోర్‌కి ఆఫీస్ రూమ్ నుంచి ఒక క్యాట్6 కేబుల్ లాగించాం. నీళ్ల పైపులు వెళ్లే డక్ట్‌లోంచి, పీవీసీ పైపు వేసి ఎలక్ట్రీషియన్ ఒక్కరోజులో చేశాడు. ఈ కేబుల్ ఒక్కో లైన్ 100 మీటర్ల లోపు ఉండాలి, మాకు ఏదీ 35 దాటలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త. షాపులో చవకగా ఇచ్చే కేబుళ్లలో కొన్ని అల్యూమినియం తీగ మీద రాగి పూత వేసినవి ఉంటాయి. కేబుల్‌లోనే కరెంట్ పంపాలనుకుంటే అవి వద్దు, వేడెక్కుతాయి, వోల్టేజ్ పడిపోతుంది. "ప్యూర్ కాపర్" అని అడిగి, చివర కత్తితో గీకి చూసి తీసుకోండి. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం.

యాక్సెస్ పాయింట్లు: రిపీటర్లు రెండూ తీసేశాం. ఫ్లోర్‌కి ఒకటి చొప్పున కారిడార్ సీలింగ్‌కి వైఫై 6 యాక్సెస్ పాయింట్ బిగించాం. బాత్రూమ్ ఒకటి కాస్తా నాలుగయ్యాయి. నాలుగింటికీ ఒకటే పేరు, ఒకే రకం సెక్యూరిటీ. మెట్లెక్కుతుంటే ఫోన్ తనంతట తానే దగ్గర్లో ఉన్నదానికి మారుతుంది.

కరెంట్: పీవోఈ స్విచ్ తీసుకున్నాం, అంటే నెట్ వెళ్లే కేబుల్‌లోనే కరెంట్ కూడా వెళ్తుంది. ఏ ఫ్లోర్‌లోనూ ప్లగ్ పాయింట్ అక్కర్లేదు. అన్నిటికీ కరెంట్ ఆఫీస్ రూమ్‌లో ఒక్కచోటే కాబట్టి దాన్ని ఇన్వర్టర్ లైన్‌కి కలిపాం. ఇప్పుడు కరెంట్ పోయినా నెట్ పోదు.

ఛానెళ్లు: 2.4 గిగాహెర్ట్జ్‌లో కింది నుంచి పైకి 1, 6, 11, మళ్లీ 1. వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్‌లో 36, 44, 149, 157, వెడల్పు 40. ఇంత మంది ఉన్నచోట 80 పెట్టాలని ఆశపడకండి. స్పీడ్ టెస్ట్‌లో నంబర్ బాగుంటుంది కానీ పక్క ఫ్లోర్‌తో గొడవ పెరుగుతుంది.

పవర్: మొదట నేను చేసిన తప్పు ఇదే. అన్నీ ఫుల్ పవర్‌లో పెట్టాను. ఫోర్త్ ఫ్లోర్‌కి వెళ్లినా ఫోన్ థర్డ్ ఫ్లోర్‌నే పట్టుకుని వేలాడేది. యాక్సెస్ పాయింట్ గట్టిగా అరిస్తే ఫోన్‌కి వినిపిస్తుంది, కానీ చిన్న ఫోన్ తిరిగి అంత గట్టిగా అరవలేదు కదా. 2.4 పవర్ లో, 5 పవర్ మీడియం చేశాక సర్దుకుంది. దాంతోపాటు 1, 2 ఎంబీపీఎస్ లాంటి పాతకాలపు స్పీడ్లను ఆఫ్ చేశాం.

అడ్రస్‌లు: నెట్‌వర్క్‌ని /23కి మార్చాం. ఇప్పుడు 510 అడ్రస్‌లు వాడుకోవచ్చు. గడువు 24 గంటల నుంచి 4 గంటలకు తగ్గించాం.

క్యూ: ఎవడో ఒకడు ఫోటోలన్నీ బ్యాకప్ పెడితే అప్‌లోడ్ నిండిపోయి అందరి పింగ్ పెరుగుతుంది. దీనికి మందు ఎస్‌క్యూఎమ్ అనే సెట్టింగ్. అందరి ప్యాకెట్లకూ వంతులవారీగా దారి ఇస్తుంది. లైన్ స్పీడ్‌లో సుమారు 90 శాతం దగ్గర లిమిట్ పెడితే బాగా పనిచేస్తుంది. మాది 180. అయితే దీనికి రూటర్ ప్రాసెసర్ కాస్త గట్టిది కావాలి. కంపెనీ ఫ్రీగా ఇచ్చే చాలా రూటర్లలో ఈ ఆప్షనే ఉండదు. అందుకే రూటర్ కూడా మార్చాల్సి వచ్చింది.

ఖర్చు ఎంతైంది?

మాకు అయినది ఇలా: యాక్సెస్ పాయింట్లు నాలుగు 28,000, రూటర్ 9,000, పీవోఈ స్విచ్ 6,500, కేబుల్ 3,500, ఎలక్ట్రీషియన్, పైపులు కలిపి 4,000. మొత్తం 51,000 రూపాయలు. అంకుల్ మొదట ముఖం చిట్లించారు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. రెండేళ్లకు సర్దితే నెలకు మనిషికి 41 రూపాయలు. ఒక బెడ్ రెండు నెలలు ఖాళీగా ఉంటే పోయేదాంతో పోలిస్తే ఇది తక్కువే అని ఆయనే అన్నారు.

అంత బడ్జెట్ లేదంటే ముందు కేబుల్ లాగించండి. ఇంట్లో పడి ఉన్న పాత రూటర్లను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి ఆ కేబుళ్లకు తగిలించినా రిపీటర్ కంటే నయం. డబ్బు ఎక్కడ మిగుల్చుకున్నా కేబుల్ దగ్గర మాత్రం మిగుల్చుకోకండి.

పాస్‌వర్డ్ గోడ మీద రాయకండి

మా పాస్‌వర్డ్ డైనింగ్ హాల్ గోడ మీద స్కెచ్ పెన్‌తో రాసి ఉండేది. ఖాళీ చేసి వెళ్లినవాళ్లు, పక్క టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్లు, అందరికీ తెలుసు. కనెక్షన్ అంకుల్ పేరు మీద ఉంది. ఆ లైన్ నుంచి ఎవరైనా ఆన్‌లైన్ మోసం చేస్తే ఐపీ అడ్రస్ పట్టుకుని పోలీసులు ముందు వచ్చేది ఆయన ఇంటికే.

ఇంకో భయంకరమైన విషయం. నా లాప్‌టాప్ బ్రౌజర్‌లో నెట్‌వర్క్ లోపలి అడ్రస్‌లు చూస్తుంటే సీసీ కెమెరాల డీవీఆర్ లాగిన్ పేజీ వచ్చింది. అక్కడితో ఆగిపోయి అంకుల్‌కి చూపించాను. పీజీలో ఎవరైనా ఆ పేజీ దాకా రాగలరు అన్నమాట.

ఇప్పుడు రెండు వేరు వేరు నెట్‌వర్క్‌లు. కెమెరాలు, ఆఫీస్ లాప్‌టాప్ ఒక వీల్యాన్‌లో, మేమంతా ఇంకో దాంట్లో. మాలో ఒకరి డివైస్ ఇంకొకరికి కనిపించకుండా క్లయింట్ ఐసోలేషన్ ఆన్ చేశాం. దీని వల్ల ఒక నష్టం ఉంది. ఫోన్ నుంచి టీవీకి క్యాస్ట్ చేయడం కుదరదు. క్రికెట్ మ్యాచ్ రోజు నాకు బాగానే తిట్లు పడ్డాయి. డైనింగ్ హాల్ టీవీలోనే యాప్ వేసి సర్దుబాటు చేశాం. పాస్‌వర్డ్ ఎవరిది వారికే వేరుగా ఇచ్చాం. ఖాళీ చేసి వెళ్తే ఆ ఒక్కటి తీసేస్తే సరిపోతుంది.

ఇదంతా అయ్యాక అంకుల్ మెల్లగా అడిగారు: "బాబూ, ఎవరెవరు ఏం చూస్తున్నారో నాకు కనిపిస్తుందా?"

నిజం చెప్పాలి కదా. హెచ్‌టీటీపీఎస్ సైట్లలో మీరు ఏం చదివారు, ఏం టైప్ చేశారు, పాస్‌వర్డ్ ఏంటి, ఇవేవీ రూటర్‌కి కనిపించవు. కానీ ఏ సైట్‌కి వెళ్లారు అనే పేరు చాలాసార్లు కనిపిస్తుంది. "కనిపించేలా పెట్టొచ్చు అంకుల్. కానీ పెట్టొద్దు. మీ పిల్లలు ఇంకో ఊళ్లో పీజీలో ఉంటే అక్కడి ఓనర్ చూస్తే ఒప్పుకుంటారా?" అన్నాను. ఆయన పెద్దమ్మాయి బెంగళూరులో పీజీలోనే ఉంటోంది. ఇంక మాట్లాడలేదు. ఏ టైమ్‌లో ఏ అడ్రస్ ఎవరి డివైస్‌కి ఇచ్చాం అనేంత వరకే రికార్డ్ ఉంచాం. ఈ సంగతి నోటీసు బోర్డులో తెలుగులో, ఇంగ్లిష్‌లో రాసి పెట్టాం. మీ వైపు నుంచి ఇంకాస్త జాగ్రత్త కావాలంటే ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లలో ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఆప్షన్ ఉంది, ఆన్ చేసుకోండి.

ప్లాన్ కండిషన్లు కూడా చదవండి

చాలా హోమ్ ప్లాన్లు ఇంటి వాడకానికే అని, బయటివాళ్లకు అమ్మకూడదని కండిషన్లలో ఉంటుంది. "అన్‌లిమిటెడ్" అన్నచోట కూడా నెలకు 3,300 జీబీ దగ్గర హద్దు పెట్టిన ప్లాన్లు చాలా ఉన్నాయి. 52 మంది రోజుకు 2 జీబీ చొప్పున వాడితేనే నెలకు 3,120 జీబీ. నెలాఖరులో నెట్ ఎందుకు పాకేదో మాకు అప్పుడు అర్థమైంది. అంకుల్ కంపెనీ వాళ్లతో మాట్లాడి బిజినెస్ ప్లాన్‌కి మారారు. స్పీడ్ అదే 200. వైఫైకి వేరుగా డబ్బు తీసుకోవాలనుకునే ఓనర్లకు పీఎం-వాణి అనే దారి కూడా ఉంది. 2020 డిసెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. చిన్న షాపు వాళ్లు కూడా పబ్లిక్ డేటా ఆఫీస్‌గా, లైసెన్సు ఫీజు లేకుండా వైఫై ఇవ్వొచ్చు.

ఇప్పుడు ఎలా ఉంది?

అదే రాత్రి 9:30, అదే థర్డ్ ఫ్లోర్ రూమ్: స్పీడ్ 40 నుంచి 60 మధ్య, రూటర్‌కి పింగ్ 5 నుంచి 12 మిల్లీసెకన్లు, వంద ప్యాకెట్లలో ఒక్కటీ పోలేదు. అంతా బంగారం అని చెప్పను. ఫోర్త్ ఫ్లోర్ చివరి రూమ్‌లో 5 గిగాహెర్ట్జ్ ఇంకా వీకే, అక్కడ ఇంకో యాక్సెస్ పాయింట్ పడాలి. రెండో వారంలో ఒక సాయంత్రం బిల్డింగ్ మొత్తం నెట్ పోయింది. అరగంట వెతికితే, ఐరన్ బాక్స్ పెట్టుకోడానికి ఎవరో స్విచ్ ప్లగ్ తీసేశారు. ఇప్పుడు ఆ ప్లగ్ మీద టేప్, టేప్ మీద ఎర్ర ఇంకుతో "ముట్టుకోవద్దు".

కొత్త పీజీలో అడ్వాన్స్ కట్టే ముందు ఇవి చూసుకోండి:

- రూమ్ చూడడానికి మధ్యాహ్నం కాదు, రాత్రి 9 తర్వాత వెళ్లండి.
- మీకు ఇచ్చే బెడ్ మీద కూర్చుని, తలుపు వేసి, రూటర్‌కి పింగ్, తర్వాత స్పీడ్ టెస్ట్ చేయండి. రిసెప్షన్ దగ్గర వచ్చే స్పీడ్‌ని లెక్కలోకి తీసుకోకండి.
- సిగ్నల్ మైనస్ 70 డీబీఎం కంటే వీక్‌గా, అంటే మైనస్ 75, 80 అలా ఉంటే వేరే రూమ్ అడగండి.
- ఫ్లోర్‌లో ఉన్నది రిపీటరా, కేబుల్ ఉన్న యాక్సెస్ పాయింటా చూడండి. ప్లగ్‌కి నేరుగా గుచ్చి, వెనక కేబుల్ లేకపోతే అది రిపీటరే.
- కరెంట్ పోతే నెట్ ఉంటుందా అని అడగండి.

మా తమ్ముడు పోయిన నెల ఇంకో ఇంటర్వ్యూ రూమ్ నుంచే ఇచ్చాడు. 50 నిమిషాలు, ఒక్కసారి కూడా కాల్ కట్ కాలేదు. ఉద్యోగం మాత్రం రాలేదు. ఎస్‌క్యూఎల్ జాయిన్లు ఇంకా ప్రాక్టీస్ చేయమన్నారట. "ఈసారి నెట్ మీద నెపం పెట్టే ఛాన్స్ కూడా లేకుండా చేశావు అన్నా" అన్నాడు నవ్వుతూ. ఇప్పుడు రోజూ రాత్రి 9కి, ఇదివరకు నెట్ పడుకునే టైమ్‌కి, కూర్చుని ప్రాక్టీస్ చేస్తున్నాడు.